బొంతకు అస్తరు

బొంతను చూచినవారు పైబట్టనే మెచ్చుకొందురు. రంగురంగుల ముక్కలను కూర్చిన నేర్పును పొగడుదురు. కాని రాత్రియంతయు మన మేనికి తగులుచు చలిని వారించునది అడుగుబట్ట. దానినే అస్తరు అందురు. అస్తరు తగినది కానిచో బొంత యెంత అందముగా నున్నను కప్పుకొనుటకు హాయి గొలుపదు.

మన పల్లెలలో పాత నూలుచీరలను పొరలుగా పరచి, సూదితో వరుసకుట్లు వేసి బొంతలు కుట్టుదురు. అందు పైబట్టయు అస్తరును చీరలే. అమెరికా దేశపు బొంతకు సాధారణముగా మూడు పొరలుండును. పైన ముక్కలు కూర్చిన నూలుబట్ట, నడుమ దూది, అడుగున అస్తరు. ఆ అస్తరును కూడ ఎక్కువగా నూలుతోనే వేయుదురు. ఇప్పుడు కొందరు ఫ్లీసు అను బట్టను వాడుచున్నారు.

ఇంగ్లీషు భాషలో ఫ్లీసు అనగా గొఱ్ఱె బొచ్చు. పేరు గొఱ్ఱెదే గాని, ఈ బట్టలో ఉన్నిపోగు ఒక్కటియు లేదు. ఇది పాలియెస్టరు దారముతో చేసినది. మసాచుసెట్సు రాష్ట్రమందలి మాల్డెన్ మిల్సు అను సంస్థ 1979లో దీనిని రూపొందించెను. వాడి పారవేసిన ప్లాస్టిక్ సీసాలను కరగించి కూడ దీనికి దారము తీయుచున్నారు.

ఈ బట్టను మగ్గముపై నేయరు. బనియను వలె అల్లుదురు. పిదప సన్నని తీగల కుంచెలతో గీరగా పోగులు లేచి నూగు ఏర్పడును. ఆ నూగులో గాలి చిక్కుకొని కదలక నిలుచును. కదలని గాలి మన మేని వేడిని త్వరగా వెలికి పోనీయదు. కావుననే ఫ్లీసు అస్తరున్న బొంతకు పలుమారు నడుమ దూది యక్కరలేదు.

అయితే కుట్టువారు కొన్ని మెలకువలు పాటింపవలెను. నూలుబట్ట మొదటి ఉతుకులో కుదించుకొనును, ఫ్లీసు కుదించుకొనదు. అందుచే నూలుబట్టను ముందే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఆపైన కత్తిరింపవలెను. ఫ్లీసు అడ్డముగా సాగును. దానిని లాగి కుట్టినచో, వదలినంతనే ముడుచుకొని పైబట్ట ముడుతలు పడును. కావున లాగక నేలపై పరచి, పైబట్టను కప్పి, బెత్తెడు దూరమున కొక గుండుసూది గ్రుచ్చి, నడుమనుండి అంచులకు కుట్టుకొని పోవలెను. కుట్లు దగ్గరగా వేసినచో నూగు అణగి వెచ్చదనము తగ్గును.

ఫ్లీసుకు వేడి గిట్టదు. కాగిన ఇస్త్రీపెట్టె తగిలినచో కరగును. నూలును నిప్పుకు కాలును. కాని కరగి చర్మమున కంటుకొనదు. ఫ్లీసు అంటుకొని తీవ్రముగా గాయపరచును. కుంపటి చెంత పండుకొను అవ్వకు అట్టి బొంత నీయరాదు. ఆమెకు నూలుబొంతయే మేలు. కుంపటిని దూరముగా నుంచుట మఱియు మేలు. ఇంకొక సంగతి. ఉతికినప్పుడెల్ల ఫ్లీసునుండి కంటి కానని పోగులు రాలి, నీటితో నదులను, సముద్రములను చేరును. అవి ఆకువలె క్రుళ్లి మట్టిలో కలియవు. కావున దానిని అవసరమైనప్పుడే, చన్నీటితో ఉతుకవలెను.

అస్తరు నెన్నుకొనునప్పుడు వెచ్చదనము నొక్కదానినే చూచిన చాలదు. ఆ బొంతను ఎవరు కప్పుకొందురో, ఎచ్చట పండుకొందురో, ఎట్లు ఉతుకుదురో ముందుగా తలపోయవలెను. అట్లు తలపోసి కుట్టిన బొంతయే కప్పుకొన్నవారికి చలిని బాపి, చింత లేని నిద్ర నిచ్చును.