అవధానము - ప్రసాది లక్షణము

అవధానమనగానే తెలుగువారికి అష్టావధానము, శతావధానము స్ఫురించును. పృచ్ఛకులు పలువిధముల అడుగుచుండగా దేనిని మరువక సమాధానము చెప్పుట అచటి అవధానము. వీరశైవమున ఈ పదమునకు నిత్యజీవనమున ఆచరింపదగిన అర్థము కలదు.

‘అవ’ అను ఉపసర్గతో కూడిన ‘ధా’ ధాతువునుండి ఈ పదము పుట్టినది. ఆ ధాతువునకు ఉంచుట యని అర్థము. మనస్సును ఒకచోట నిలిపి యుంచుటయే అవధానము. ‘సావధానముగా వినుము’ అన్నప్పుడు తెలుగున గమనికతోపాటు ఓర్పు కూడ తోచును. దీనికి ఎదురుమాట పరాకు.

షట్‌స్థలములకు ఆరు విధములైన భక్తి చెప్పబడినది. భక్తునకు శ్రద్ధ, మహేశునకు నిష్ఠ, ప్రసాదికి అవధానము, ప్రాణలింగికి అనుభవము, శరణునకు ఆనందము, ఐక్యునకు సమరసము. ప్రసాదికే అవధానమేల? పదార్థమును లింగమునకు అర్పించి ప్రసాదముగా గ్రహించువాడు ప్రసాది. అర్పించునది తగినదో కాదో అర్పణకు ముందే గమనింపవలయును; పిమ్మట గమనించి ప్రయోజనము లేదు.

ఇందుకు 12వ శతాబ్దపు శివశరణులైన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ నిదర్శనము. కన్నడమున ‘అక్కి’ యనగా బియ్యము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే వారి దాసోహము జరుగుచుండెడిది. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ అది గమనించి, పొయ్యిమీద ఎసరు పెట్టకముందే, అధికమైన దానిని తెచ్చినచోటనే పోసి రమ్మనెను. పేదయింట బియ్యము ఎక్కువైనందుకు ఆమె సంతోషింపలేదు. అవసరమునకు మించినది పరుల పాలు అను ఎరుక ఆమెకు ఉండెను. చూపునకు దయ తోడైన అవధానమిది.

నేటి దాసోహమునను దీనికి చోటు కలదు. పంక్తి చివర కూర్చున్న వృద్ధుని విస్తరి ఖాళీ అయ్యెనేమో వడ్డించువారు చూడవలయును. అడుగుటకు సిగ్గుపడు పిల్లవాని ముఖము కనిపెట్టవలయును. తినువారు ప్రసాదమును విడిచి లేవరాదు. వండిన ఇల్లాలికి కుండలో అన్నము మిగిలినదా యని ఇంటివారు విచారింపవలయును. అందరును తృప్తిగా తిని లేచిన పిమ్మట ఆమె ఒక్కతె పస్తుండిన, ఆ ఇంట అవధానము లోపించినట్లే.

బాలురకు ఈ పదము నేర్పునపుడు ‘ఏకాగ్రత’ యని మాత్రము చెప్పిన చాలదు. ఎదుటివాని అవసరము నెరుగుట యనియు చెప్పవలయును. కరస్థలమందలి ఇష్టలింగముపై చూపు నిలుపుట నిత్యాభ్యాసము. ఆ నిలుకడ పూజతో ముగియక భోజనపంక్తిలోను కానవచ్చిననాడు ప్రసాది యను పేరు సార్థకమగును.