పగటి నిద్ర మాన్పించే ముందు రాత్రి నిద్రను గమనించండి

బరువు తగ్గాలని డాక్టరు చెప్పిన రోజు నుండి ఇంటిల్లిపాది రోగిని కనిపెట్టుకుని ఉంటారు. అన్నం తగ్గిస్తారు, నూనె తగ్గిస్తారు, ఉదయాన్నే నడకకు పంపుతారు. తరువాత అందరి దృష్టి మధ్యాహ్నం నిద్రపై పడుతుంది. "తిని పడుకుంటే తిన్నదంతా కొవ్వు అవుతుంది, లేవండి" అని తట్టి లేపుతారు. ఇది ప్రేమతో చేసే పనే. కాని దీనివల్ల నిజంగా బరువు తగ్గుతుందా?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఇంట్లో షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉన్న తల్లి ఉన్నదనుకోండి. వంటిల్లు సర్దుకుని, టి.వి. చూసి పడుకునేసరికి రాత్రి 11.30 అవుతుంది. కుళాయి నీళ్ళ కోసం తెల్లవారుజామున 4.30కే లేస్తుంది. అంటే రాత్రి నిద్ర 5 గంటలే. అందుకే మధ్యాహ్నం రెండు గంటలు పడుకునేది. బరువు తగ్గాలని పిల్లలు ఆ నిద్ర మాన్పించారు. సాయంత్రం అయ్యేసరికి ఆమెకు నీరసం, ఆకలి. టీతో పాటు బిస్కెట్లు, మిక్చరు మొదలయ్యాయి. నెల గడిచినా బరువు తగ్గలేదు. "అమ్మ నోరు కట్టుకోదు" అని అందరూ ఆమెనే తప్పుపట్టారు. రాత్రి నిద్ర సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

పగలు పడుకుంటే లావవుతారా?

పడుకున్నంత మాత్రాన తిన్న అన్నం కొవ్వుగా మారిపోదు. మనం రోజు మొత్తంలో ఎంత తిన్నాము, ఎంత ఖర్చు చేశాము అన్నదే ముఖ్యం. 70 కిలోల మనిషి గంటసేపు నిద్రపోతే సుమారు 65 కేలరీలు ఖర్చవుతాయి. అదే గంట కూర్చుని టి.వి. చూస్తే 70 నుండి 90 వరకు ఖర్చవుతాయి. తేడా చాలా స్వల్పం. గంటసేపు చురుకుగా నడిస్తే మాత్రం 200 కేలరీలకు పైగా ఖర్చవుతాయి. కాబట్టి నిద్ర మాన్పించి కుర్చీలో కూర్చోబెడితే ఒరిగేదేమీ లేదు.

అయితే ఎక్కువసేపు పగటి నిద్ర మంచిదని కూడా చెప్పలేము. స్పెయిన్ దేశంలోని ముర్సియా ప్రాంతంలో 3 వేల మందికి పైగా పెద్దవారిని పరిశీలించిన వివరాలు 2023లో వెలువడ్డాయి. మధ్యాహ్నం అరగంట కంటే ఎక్కువ పడుకునేవారిలో బరువు ఎక్కువగా కనిపించింది. ఎక్కువ నిద్ర వల్ల లావయ్యారా, లావు వల్ల నిద్ర ఎక్కువైందా అన్నది ఆ పరిశీలన తేల్చలేదు. రెండూ జరగవచ్చు.

రాత్రి నిద్రకు, ఆకలికి సంబంధం

మన శరీరంలో ఆకలిని నడిపించే హార్మోనులు ఉన్నాయి. గ్రెలిన్ అనేది ఆకలి పుట్టిస్తుంది. లెప్టిన్ అనేది "ఇక చాలు" అని మెదడుకు చెబుతుంది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వారు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు 4 గంటలు మాత్రమే పడుకోనిచ్చి పరీక్షించారు. 10 గంటలు పడుకోనిచ్చినప్పటితో పోల్చితే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలి కూడా పెరిగింది. తీపి పదార్థాలు, ఉప్పుగా ఉండే చిరుతిళ్ళు, పిండి పదార్థాలు తినాలన్న కోరిక ఎక్కువైంది. ఈ ఫలితాలు 2004లో వెలువడ్డాయి.

అదే విశ్వవిద్యాలయం వారు 2022లో మరొక ఫలితం ప్రకటించారు. అధిక బరువు ఉండి, రాత్రి ఆరున్నర గంటల కంటే తక్కువ నిద్రపోయే 80 మందిని తీసుకున్నారు. వారిలో సగం మందికి పడుకునే వేళలు సరిచేసి, నిద్ర గంటకు పైగా పెరిగేలా చూశారు. ఆహారం విషయంలో ఏ నియమమూ పెట్టలేదు. అయినా వారు మిగతావారి కంటే రోజుకు సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు. అంటే 200 గ్రాముల వండిన అన్నంలో ఉండేంత.

తగ్గేది కొవ్వా, కండా?

బరువు తగ్గడం అంటే కొవ్వు తగ్గాలి, కండ కాదు. 2010లో ప్రచురితమైన ఒక పరీక్షలో 10 మందికి 14 రోజులు ఒకే విధంగా ఆహారం తగ్గించారు. వారిని ఒకసారి రాత్రికి 8.5 గంటలు, మరొకసారి 5.5 గంటలు పడుకోనిచ్చారు. రెండుసార్లూ బరువు సుమారు 3 కిలోలు తగ్గింది. అయితే చాలినంత నిద్ర ఉన్నప్పుడు 1.4 కిలోల కొవ్వు తగ్గగా, నిద్ర తక్కువైనప్పుడు 0.6 కిలో మాత్రమే తగ్గింది. మిగిలిన తగ్గుదలలో చాలాభాగం కండ వంటి కొవ్వు కాని భాగం నుండే పోయింది. నిద్ర మానుకుని కడుపు మాడ్చుకుంటే మనిషి నీరసపడతాడు కాని కొవ్వు అంతగా కరగదు.

ఈ గుర్తులు ఉంటే డాక్టరుకు చెప్పండి

రాత్రి 7, 8 గంటలు పడుకున్నా పగలు తూగుతూనే ఉంటే అది సోమరితనం అనుకోకండి. ముఖ్యంగా ఈ క్రింది వాటిని గమనించండి.

పెద్దగా గురక పెడుతూ, మధ్యలో కొన్ని సెకన్లు ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్ళీ ఊపిరి తీసుకోవడం. ఉదయం తలనొప్పి, నోరు ఎండిపోవడం. దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. అధిక బరువు ఉన్నవారిలో ఇది ఎక్కువ. రోగికి తన సంగతి తెలియదు. ప్రక్కన పడుకున్నవారే చెప్పాలి. సెల్ ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపిస్తే ఎంతో మేలు. దీనికి చికిత్స ఉంది.

థైరాయిడ్ లోపం, రక్తహీనత, మానసిక క్రుంగుబాటు, కొన్ని రకాల మందుల వల్ల కూడా పగలు మగత వస్తుంది. కాలేయ వ్యాధి ఉన్నవారు పగలు నిద్రపోతూ రాత్రి మేల్కొని ఉంటే ఆలస్యం చేయకూడదు.

ఇన్సులిన్ లేక షుగరు మాత్రలు వాడేవారు ఆహారం తగ్గించినప్పుడు షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, తడబాటుతో నిద్రమత్తు వస్తే అది మామూలు కునుకు కాదు. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

1. రోగి ఎన్ని గంటలకు పడుకుంటున్నారు, ఎన్నింటికి లేస్తున్నారు అన్నది ఒక వారం కాగితం మీద రాయండి.
2. పెద్దవారికి రాత్రి కనీసం 7 గంటల నిద్ర అవసరం. తెల్లవారుజాము పనులు ఇంట్లో అందరూ పంచుకోండి.
3. మధ్యాహ్నం 20 నుండి 30 నిమిషాల కునుకు చాలు. మూడు గంటల తరువాత పడుకోనివ్వకండి. రాత్రి నిద్ర చెడుతుంది.
4. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు, మూడు గంటల ముందే ముగించండి. సాయంత్రం తరువాత టీ, కాఫీ వద్దు.
5. భోజనం కాగానే పది నిమిషాలు మెల్లగా నడిచి, ఆ తరువాత నడుం వాల్చమనండి.
6. ఆపరేషను అయినవారు, జ్వరంతో ఉన్నవారు పగలు విశ్రాంతి తీసుకోవాలి. వారికి ఈ నియమాలు వర్తించవు.

ఇప్పుడు ఆ తల్లి విషయానికి వద్దాం. నీళ్ళు పట్టే పని కొడుకు తీసుకుంటే, రాత్రి పదిగంటలకు టి.వి. కట్టేస్తే, ఆమెకు మరో రెండు గంటల నిద్ర దొరుకుతుంది. మధ్యాహ్నం అరగంట కునుకుతో సరిపోతుంది. సాయంత్రం బిస్కెట్ల డబ్బా మీదకు మనసు అంతగా పోదు. బరువు తగ్గవలసింది ఆమే అయినా, అందుకు కావలసిన నిద్రను ఇవ్వవలసింది ఇంటివారు.