భవనం ఖర్చులో నడిచేవారి వాటా



కామర్సు చదివినవారికి 'సామాజిక వ్యయం' అనే పాఠం తెలిసే ఉంటుంది. ఒకరు చేసే పనివల్ల ఇతరులు భరించే నష్టాన్ని కూడా ఖర్చులో కలిపి చూడాలని దాని అర్థం. నేను బ్యాంకులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఇంటి రుణాల అంచనా పత్రాలు ఎన్నో చూశాను. సిమెంటు, ఇనుము, కూలి అన్నీ రాసి ఉండేవి. ఆ ఇంటి ముందు నుంచి నడిచేవారి సంగతి ఎక్కడా ఉండేది కాదు.

పాత పద్ధతి: మా ధన్నూర పాత ఇళ్ళకు వీధివైపు అరుగు ఉండేది. కన్నడంలో కట్టె అంటాము. బడికి వెళ్ళే పిల్లలపై అక్కడ కూర్చున్న పెద్దల చూపు ఉండేది. బీదరు పాత పట్నంలో రెండు పెద్ద దారులు కలిసే చోట చౌబారా ఉంది. హైదరాబాదులో 1591 నాటి చార్మినార్ కూడా నాలుగు దారుల కూడలిలోనే ఉంది. పక్కనున్న లాడ్ బజారులో దుకాణాలు నేరుగా వీధిలోకే తెరుచుకుంటాయి. వీధిని చూసే కళ్ళే వీధికి కాపలా అని జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి 1961లో రాశారు.

కొత్త పద్ధతి: అదే హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. తరువాత ఆ చుట్టుపక్కల ప్రహరీల వెనుక అద్దాల భవనాలు చాలా వచ్చాయి. ఉద్యోగాలు వచ్చాయి, మన పిల్లలూ బాగుపడ్డారు. కాని పొడవైన గోడ పక్కన నడిచేవారికి నీడ ఉండదు, పలకరించే మనిషీ ఉండడు. 2023లో ఉప్పల్ కూడలిలో ఆకాశ నడకదారి తెరిచారు. లిఫ్టులు ఉన్నాయి, దాటడం క్షేమమే. అయినా వాహనం తిన్నగా పోతుంది, ఎక్కి దిగవలసింది నడిచేవారే.

ఇది సౌకర్యం మాట మాత్రమే కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. కాలిబాట లేనిచోట పిల్లలైనా, ముసలివారైనా వాహనాల మధ్యకే దిగాలి. ఆటంకం లేని కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది.

అభ్యాసం: ఈ ఆదివారం ఒక టేపు తీసుకొని ఇంటి నుంచి బడి వరకు నడవండి. నోటుపుస్తకంలో ఇవి రాయండి.

1. కాలిబాటలో అడ్డు లేకుండా నడిచే వెడల్పు ఎంత? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం కనీసం 1.8 మీటర్లు ఉండాలి.
2. ఎన్ని ఇళ్ళ మెట్లు, ర్యాంపులు దారిలోకి వచ్చాయి?
3. నీడ ఎన్నిచోట్ల ఉంది?
4. చక్రాల కుర్చీలో ఉన్నవారు ఆ దారిన వెళ్ళగలరా?

ఇల్లు కట్టే తల్లిదండ్రులకు ఒక మనవి. ర్యాంపును మీ స్థలంలోనే ముగించండి. గేటు లోపలికి తెరుచుకునేలా పెట్టించండి. ప్లాను గీసే రోజునే చెబితే దీనికి పెద్ద ఖర్చు ఉండదు. సివిల్ ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు చదవబోయే పిల్లలు పై నాలుగు ప్రశ్నలనూ గుర్తుంచుకోండి. రేపు ఆ ప్లానులు గీసేది మీరే.