ఒక పారిటీ బిట్, రెండు చిక్కుముడులు

డిజిటల్ లాజిక్ క్లాసులో పారిటీ బిట్ గుర్తుందా? అలాంటి లెక్కే ఫిజిక్స్‌లోనూ ఉంది.

ముందు చిక్కుముడులు. డార్క్ మేటర్ కంటికి కనపడదు, కానీ మామూలు పదార్థం కంటే ఐదు రెట్లు ఎక్కువ. న్యూట్రినో బరువు స్టాండర్డ్ మోడల్ ప్రకారం సున్నా. కాదని 1998లో జపాన్‌లోని సూపర్-కమియోకాండే తేల్చింది.

సూపర్‌సిమెట్రీ ప్రకారం ప్రతి కణానికీ ఓ జోడీ ఉంటుంది. మామూలు కణాల ఆర్-పారిటీ +1, జోడీలది -1. ఈ గుర్తు నిలవాలంటే, జోడీల్లో అన్నిటికన్నా తేలికైనది విడిపోకూడదు. అది న్యూట్రలినో అయితే, డార్క్ మేటర్ అదే కావొచ్చు.

ఆర్-పారిటీని వదిలేస్తే న్యూట్రినోకి బరువొస్తుంది, కానీ న్యూట్రలినో విడిపోతుంది. ఒకటి దక్కితే ఇంకోటి పోతుంది!

రెండూ దక్కే దారి సీ-సా. పార్కులో పిల్లలెక్కే బల్లలాగే, అటు కొత్త న్యూట్రినో ఎంత బరువైతే ఇటు మనది అంత తేలిక. ఇందులో లెప్టాన్ సంఖ్య రెండు మారుతుంది. రెండు బిట్లు తిరగబడితే పారిటీ మారదు కదా? ఇక్కడా అంతే, ఆర్-పారిటీ చెక్కుచెదరదు.

లెక్క అందంగానే ఉంది. కానీ ఎల్‌హెచ్‌సీలో ఇంతవరకు ఒక్క జోడీ కూడా దొరకలేదు. అందం రుజువు కాదు. వెతుకులాట మాత్రం ఆగలేదు.