పాత వాహనం – కాగితాల సాక్ష్యం

మిరప కోతల కాలం వచ్చిందంటే పర్చూరు పరిసర గ్రామాల దారులు తెల్లవారకముందే మేల్కొంటాయి. కూలీలతో నిండిన ఆటోలు చేల వైపు, మిర్చి టిక్కీలు నింపుకొన్న బండ్లు గుంటూరు యార్డు వైపు సాగిపోతుంటాయి. వీటిలో అనేకం ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారినవే. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసి, సుడులు పరీక్షించి, అరక కట్టి నడిపించి చూసే రైతు, పాత వాహనం విషయంలో మాత్రం రంగు చూసి, ఇంజను చప్పుడు విని బయానా ఇచ్చివేయడం విచారకరం.

ఎద్దుకు పళ్ళు ఎట్టివో వాహనానికి రిజిస్ట్రేషను పత్రం అట్టిది. అందులోని ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండిపై చెక్కిన అంకెలతో అక్షరాలా సరిపోవాలి. చెరిపి దిద్దిన జాడ కనిపిస్తే బేరం అక్కడితో విరమించుకోవడమే క్షేమం. నంబరు పలకను బట్టి బండి పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయనుకోరాదు. ఒకప్పుడు ఏపీ 7 అంటే గుంటూరు, ఏపీ 27 అంటే ప్రకాశం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఉమ్మడి సంకేతం వచ్చింది. కనుక కేంద్ర ప్రభుత్వపు 'వాహన్' వివరాలలో నంబరు వేసి చూసుకోవడం ఉత్తమం. ట్రాక్టరు కొనేవారు ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషను ఉంటుందని మరువరాదు.

సొంత వాహనానికి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపై పరీక్షించి 5 సంవత్సరాలకు పొడిగిస్తారు. ఆటో, లారీ వంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ ధ్రువపత్రం తప్పనిసరి. బండికి ఎనిమిదేండ్లు నిండే వరకు రెండేండ్లకొకసారి, ఆ పిమ్మట ఏటేటా పరీక్ష జరగాలి. బ్రేకులు, దీపాలు, స్టీరింగు ఆనాడు బాగున్నాయని మాత్రమే ఆ పత్రం చెప్పగలదు. రెండు పరీక్షల నడుమ ఖాళీ కనిపిస్తే, ఆ కాలమంతా బండి మూలన పడి ఉన్నదా, పరీక్ష లేకుండానే జనాన్ని మోసిందా అని అడగాలి.

మా విద్యార్థి ఒకడు తన తండ్రి కొనబోయే ఆటో కాగితాలు నాకు చూపించాడు. బండి నిగనిగలాడుతున్నది. పత్రంలో మాత్రం ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉన్నది. బాకీ తీరిందని అమ్మకందారు ప్రమాణం చేశాడే కాని రశీదు చూపలేదు. బాకీ తీరినట్లు కంపెనీ సంతకం చేసిన ఫారం 35 తెచ్చేవరకు సొమ్ము ఇవ్వవద్దన్నాను. ఆ ఫారం నేటికీ రాలేదు. ఆ తండ్రి సొమ్ము దక్కింది.

అమ్మేవారికీ బాధ్యత ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. వరుసగా చేతులు మారినా రిజిస్ట్రేషను మారని ఒక వాహనం ప్రమాదం చేయగా, రికార్డులో పేరున్న వ్యక్తే నష్టపరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. స్టాంపు కాగితంపై ఒప్పందం రాసుకొని, బండి అప్పగించి, ఇక నిశ్చింత అనుకోవడం ఎంత పొరపాటో దీనివలన తెలుస్తుంది.

హక్కు, బాకీ, రశీదు, దస్తావేజు – ఈ మాటలు మన కళాశాలలోని ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఉమ్మడి సొత్తు. చదువుకున్న బిడ్డ ఇంటికి చేయదగిన మొదటి సాయం ఆ కాగితాలను చదివి పెట్టడమే. రేపు తెల్లవారుజామున ఆ ఆటోలో కోతకు బయలుదేరే తల్లులు ఏ పత్రమూ అడగరు. బండిని నమ్మి ఎక్కుతారు. ఆ నమ్మకానికి మనమే పూచీ.