టమాట పైరున వైరస్ తెగుళ్ళు: గుర్తించు విధము

హుజూర్‌నగర్ ప్రాంతమున నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద వరియే ప్రధానమైన పైరు. ఆ వరిమళ్ళ నడుమ కొద్దిపాటి చెలకలో టమాట వేసిన చిన్న రైతునకు ఆ పంటయే చేతిలోనికి రొక్కము తెచ్చునది. ఆకులు ముడుచుకొనగనే మందు కొట్టుటయు, మరుసటి యేడు “తెగులును తట్టుకొను విత్తనము” అని హెచ్చు ధర పెట్టి కొనుటయు పరిపాటి అయినది. ఆ పైరు కూడ తెగులునకు లొంగినచో రైతు విత్తనమును నిందించును. కాని దోషము పలుమారులు విత్తనమున గాక, తెగులును గుర్తించుటలో నుండును.

టమాటకు సోకు వైరస్‌లు పెక్కు గలవు. వానిలో ముఖ్యమైనవి ఇవి:

1. ఆకుముడుత: ఆకులు చిన్నవై, అంచులు పసుపువారి, పైకి ముడుచుకొనును. మొక్క గిడసబారి గుబురుగా నుండును. దీనిని వ్యాపింపజేయునది తెల్లదోమ. మన దేశమున వాసుదేవ, సామ్‌రాజ్ అను శాస్త్రజ్ఞులు దీనిని 1948లో వర్ణించిరి.

2. మొవ్వుకుళ్ళు: లేత ఆకులపై కంచు రంగు, నల్లని మచ్చలు కనిపించి, కాండముపై చారలు పడి, తల ఎండును. కాయలపై వలయములు ఏర్పడును. దీనిని తామరపురుగులు మోసికొనిపోవును. వేరుసెనగ, పెసర, మినుము పైరులకును ఇదియే వైరస్ సోకును.

3. మొజాయిక్: ఆకులపై లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలిసియుండును. ఇది చేతులు, పనిముట్లు, విత్తనము ద్వారా వ్యాపించును.

వీనితోబాటు ఒక భ్రాంతిని తెలిసికొనవలెను. వరిలో కలుపునకు చల్లిన 2,4-డి మందు గాలికి కొట్టుకొనివచ్చి టమాటపై పడినచో, ఆకులు సన్నబడి మెలికలు తిరిగి వైరస్ సోకినట్లే కనిపించును. వరిమడి వైపు వరుసలలో ఒక్కమారుగా, అధికముగా కనిపించినచో మొదట దీనినే అనుమానింపవలెను. దీనికి ఏ విత్తనమును విరుగుడు కాదు.

గుర్తింపు ఇంత ముఖ్యమగుటకు కారణమేమి? ఒక నిరోధక గుణము అన్ని వైరస్‌లను అడ్డజాలదు. ఆకుముడుతను తట్టుకొను “టీవై-2” అను జన్యువు అడవి టమాట జాతి నుండి లభించినది. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ సంకరము ఆకుముడుతను, బాక్టీరియా వడలు తెగులును, తొలి ఆకుమాడు తెగులును తట్టుకొనును. అయినను మొవ్వుకుళ్ళు విషయమున అది భరోసా కాదు. ఆకుముడుత వైరస్‌లోను పలు రకములు గలవు. ఒకచోట నిలిచిన వంగడము వేరొకచోట లొంగవచ్చును. కనుక ఏ గ్రామమున ఏ వైరస్ గలదో తెలిసిననే శాస్త్రజ్ఞుడు తగిన వంగడమును రూపొందింపగలడు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని సులభమైనది. తెగులు కనిపించిన చేలలో పలు మొక్కల లేత ఆకులను, పోల్చి చూచుటకు ఒక ఆరోగ్యవంతమైన మొక్క ఆకులను వేరువేరు సంచులలో నుంచి, రైతు పేరు, తేదీ, విత్తన రకము, ప్రక్క పైరు వ్రాసి, వాడకమునుపే గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని, ఉద్యాన అధికారికిగాని అందజేయవలెను. వైరస్ సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. దానిని ఆదిలోనే పెరికి నాశనము చేయవలెను. నారును సన్నని నైలాను వలల క్రింద పెంచవలెను.

తెగులు పేరు తెలిసికొన్న పిమ్మటనే విత్తనము కొనుడని గ్రామసభలో చెప్పుట, రైతు రొక్కమును కాపాడుటయే యగును.