హెచ్‌ఆర్ ఉద్యోగమేనా? పరిశోధనా ఒక దారే

పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక హిందూపురం, ధర్మవరం ఎంబీఏ విద్యార్థుల్లో చాలామందిది ఒకటే లెక్క: హెచ్‌ఆర్ తీసుకోవాలి, కార్ల ఫ్యాక్టరీలోనో, దానికి విడిభాగాలిచ్చే కంపెనీలోనో చేరాలి. మంచిదే. అయితే ఆ హెచ్‌ఆర్ పాఠాల్లోని సిద్ధాంతాలు ఎవరి పరిశోధనలో పుట్టాయో అడిగేవాళ్లు తక్కువ. ఆ పరిశోధన కూడా ఒక వృత్తే.

ఉదాహరణకు హయగ్రీవ రావును తీసుకోండి. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ చదివారు. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ మీదుగా అమెరికా వెళ్లి 1989లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆర్గనైజేషనల్ బిహేవియర్ ప్రొఫెసర్‌గా పేరు తెచ్చుకున్నారు. ఆయన 1994లో అచ్చువేసిన ఒక వ్యాసం కార్ల గురించే. 1895–1912 మధ్య అమెరికాలో కారంటే జనానికి నమ్మకం లేదు. మధ్యదారిలో ఆగిపోతుందేమోనని భయం. అప్పట్లో కార్లకు పోటీలు పెట్టేవారు. ఆ పోటీల్లో గెలుస్తూ వచ్చిన కంపెనీలే ఎక్కువకాలం నిలబడ్డాయని ఆయన పాత రికార్డులు తవ్వి తేల్చారు. సంస్థకు పరువు ఎలా వస్తుందన్న ప్రశ్న ఉన్నచోటల్లా ఆ వ్యాసాన్ని ఉటంకిస్తున్నారు. సైటేషన్ అంటే అదే, మరొకరు తమ వ్యాసంలో మీ పనిని ఆధారంగా చూపడం.

దీన్ని కొలిచే లెక్కల్లో హెచ్ ఇండెక్స్ బాగా వినపడుతుంది. హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించాడు. ఒకరి ఆరు వ్యాసాలకు వరుసగా 40, 22, 9, 6, 5, 3 సైటేషన్లు వచ్చాయనుకోండి. కనీసం అయిదేసి వచ్చినవి అయిదున్నాయి కనుక ఇండెక్స్ 5. మొదటి వ్యాసానికి 40 బదులు 400 వచ్చినా ఆ అయిదు మారదు. అందుకే పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు గూగుల్ స్కాలర్‌లో అంకె ఒక్కటే చూడకండి. ఎక్కువ సైటేషన్లున్న రెండు వ్యాసాలు తెరిచి చదవండి. ప్రశ్న నచ్చిందా, గత అయిదేళ్లలో కొత్త పని ఉందా, విద్యార్థుల పేర్లు వ్యాసాల్లో కనిపిస్తున్నాయా చూడండి.

డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నళ్ల జోలికి మాత్రం పోవద్దు. 2019లో తెచ్చిన ఆమోదిత జర్నళ్ల కేర్ జాబితాను యూజీసీ 2025లో ఎత్తేసింది కాబట్టి మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత ఇప్పుడు కాలేజీల మీదా, మీ మీదా పడింది. ఆస్ట్రేలియా బిజినెస్ డీన్ల మండలి జాబితాలో మేనేజ్‌మెంట్ జర్నళ్లకు గ్రేడులుంటాయి. ఒకసారి చూసుకోండి.

సబ్జెక్టు కోసం స్టాన్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు. ధర్మవరంలో మాస్టర్ వీవర్ పట్టు, జరీ, డిజైను ఇస్తాడు. నేతగాడు ఇంట్లో మగ్గం మీద కుటుంబమంతా కలిసి నేసి, చీరకింత అని కూలి తీసుకుంటాడు. సూపర్‌వైజరు లేని ఈ పనిలో నాణ్యతను ఎవరు కాపాడుతున్నారు? ముందుగా తీసుకున్న అడ్వాన్సు విశ్వాసాన్ని పెంచుతుందా, కట్టిపడేస్తుందా? కియా ఫ్యాక్టరీలో కొరియా మేనేజరుకూ రాయలసీమ కుర్రాడికీ మధ్య మాట ఎలా సాగుతుంది? ఇవన్నీ అసలైన ఆర్గనైజేషనల్ బిహేవియర్ ప్రశ్నలే. పైగా నేతగాడితో తెలుగులో మాట కలపగలగడం మీకున్న బలం, బయటి స్కాలరుకు అంత తేలిగ్గా రాదది.

దారి విషయానికొస్తే, పీజీ తర్వాత యూజీసీ నెట్ రాయాలి. 2024 నుంచి ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తోంది. అందులో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారికైతే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంది. ఐఐఎంలు సరే, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఇంటికి దగ్గర. స్టాటిస్టిక్స్ అంటే భయం ఉంటే ఇప్పుడే వదిలించుకోండి, అది రాకుండా ఈ రంగంలో నెగ్గడం కష్టం. అయిదేళ్లు పడుతుందని ఇంట్లో ముందే చెప్పి మరీ దిగండి.